స్టీఫెన్ కింగ్ కథల్లోని భయం తెరమీదికి ఎలా వస్తుంది?

(మా ఫిల్మ్ క్లబ్ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినపడుతోందా? ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. దయ్యాల గురించి మాట్లాడుకునే రోజున అందరం దగ్గరదగ్గరగా ఉండడమే మంచిది.

షాషాంక్ రిడెంప్షన్ చూసినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. దాదాపు అందరూ. షైనింగ్? సగం మంది. సరే, ఈ రెండు కథలూ ఒకే మనిషి రాశాడని ఇవాళ ఇక్కడికి రాకముందే తెలిసినవాళ్ళు? చూశారా, చేతులు ఎలా తగ్గిపోయాయో! ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. ఆ మనిషి అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్. తన అనుభవం ఒకటి ఆయన చాలా చోట్ల చెప్పుకున్నాడు. ఫ్లోరిడాలో ఏదో సూపర్‌మార్కెట్లో సరుకులు కొనుక్కుంటుంటే ఒక పెద్దావిడ ఆయన్ని గుర్తుపట్టింది. నువ్వు ఆ భయపెట్టే కథలు రాస్తావు కదా, నాకు అవి నచ్చవు, షాషాంక్ రిడెంప్షన్ లాంటి మంచి కథలు నచ్చుతాయి అందట. అది నేను రాసిందేనండీ అన్నాడీయన. కాదు, నువ్వు రాయలేదు అనేసి ఆవిడ తన దారిన తాను వెళ్ళిపోయిందట.

ఆవిడ్ని మాత్రం ఏమంటాం? జైల్లో ఇద్దరు ఖైదీల స్నేహం కథ అది. 1994లో ఆ సినిమా వచ్చినప్పుడు ప్రచారంలో కింగ్ పేరు పెద్దగా వాడుకోలేదు. ఆయన పేరు పెద్దక్షరాల్లో వేస్తే జనం రక్తం, దయ్యం, అరుపులు ఆశిస్తారు కదా.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఒక్కటే ప్రశ్న మీద. ఈయన కథల్ని 1976 నుంచి తీస్తున్నారు. ఇప్పటికీ ఆపలేదు. 2025 ఒక్క ఏడాదిలోనే మంకీ, లైఫ్ ఆఫ్ చక్, లాంగ్ వాక్, రన్నింగ్ మ్యాన్ థియేటర్లకి వచ్చాయి. వెల్కమ్ టు డెర్రీ అని టీవీ సిరీస్ కూడా వచ్చింది. ఇన్ని తీశారు కదా, వీటిలో కొన్ని ప్రపంచ సినిమా చరిత్రలో నిలబడిపోయాయి, కొన్ని పావుగంట కూడా చూడలేం. రచయిత ఒక్కడే. మరి తేడా ఎక్కడొస్తోంది? నవలలో ఉన్నది ఉన్నట్టు తీస్తే బాగుంటుంది, మార్చితే చెడిపోతుంది అని మనలో చాలామంది టక్కున చెప్పేస్తాం. నేనూ పుస్తకాల మనిషినే, ఆ మాట నిజమైతే నాకూ సంతోషమే. కానీ కింగ్ విషయంలో అది నిలబడదు. ఎందుకు నిలబడదో చెప్తాను.

ముందు ఆయన ఎలా రాస్తాడో చూడండి. ఒక మనిషి సింకు దగ్గర గిన్నెలు కడుగుతుంటాడు. వాక్యం మధ్యలో ఉన్నట్టుండి ఇంకేదో వచ్చి పడుతుంది. ఎప్పుడో వాళ్ళమ్మ తిట్టిన తిట్టు, రేడియోలో విన్న ప్రకటన పాట, నిన్న పెళ్ళాన్ని అన్న మాట తాలూకు సిగ్గు. చాలాసార్లు బ్రాకెట్లో, విడి లైన్లో, చుక్క కూడా పెట్టకుండా. తర్వాత మళ్ళీ గిన్నెలు. ఇలా రెండు వందల పేజీలు నడిపిస్తాడు. అప్పుడు కదా దయ్యం వచ్చేది! అది వచ్చేసరికి మనం ఆ మనిషి బుర్రలోపల కాపురం పెట్టేసి ఉంటాం. మన ఇంట్లోకే దయ్యం వచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు అక్కడ కెమెరా పెట్టండి. కెమెరాకి ఏం కనపడుతుంది? గిన్నెలు కడుగుతున్న మనిషి కనపడతాడు. అంతే. ఆ తిట్టు, ఆ పాట, ఆ సిగ్గు ఏవీ కనపడవు. కథ మొత్తం పట్టుకుపోయినా అసలు సరుకు పుస్తకంలోనే ఉండిపోతుంది. దాని బదులు కంటికో చెవికో అందేది ఇంకొకటి వెతికి పెట్టాలి. వెతికిన దర్శకుడు గట్టెక్కాడు, వెతకనివాడు మునిగాడు. ఈ దృష్టితో కొన్ని సినిమాలు చూద్దాం.

మొదటిది క్యారీ. తోటి పిల్లలు ఏడిపించే, మనసుతోనే వస్తువుల్ని కదిలించగల క్యారీ అనే అమ్మాయి కథ. కింగ్ అప్పుడు మెయిన్ రాష్ట్రంలో స్కూలు మాస్టారు. కొన్ని పేజీలు రాసి, ఇది నావల్ల కాదని చెత్తబుట్టలో పడేస్తే ఆయన భార్య టాబితా తీసి చదివి, పూర్తి చెయ్యమందనే కథ మీలో చాలామంది వినే ఉంటారు. నవల 1974లో వచ్చింది. 1976లో బ్రయాన్ డి పాల్మా సినిమా తీశాడు. నవల నిండా మధ్యమధ్యలో రిపోర్టులు, పేపరు కటింగులు, విచారణ కమిషన్ సాక్ష్యాలు. అందరూ చచ్చిపోయాక తిరిగి చూస్తూ రాసినట్టు ఉంటుంది. డి పాల్మా అవన్నీ పక్కన పెట్టేశాడు.

పక్కన పెట్టి ఏం చేశాడు? స్కూలు డాన్సు సీను గుర్తుందా? జీవితంలో మొదటిసారి ఆ పిల్ల నవ్వుతూ స్టేజి ఎక్కుతుంది. పైన బకెట్‌నిండా పందిరక్తం ఉంది. దానికొక తాడు కట్టి ఉంది. కెమెరా ఏం తొందరపడదు. తాడు వెంట మెల్లగా పైకి పాకుతుంది, బకెట్ చూపిస్తుంది, దాని కింద ఈ పిల్ల తలమీది కిరీటం చూపిస్తుంది. అందరూ చప్పట్లు కొడుతుంటారు. మనకి తెలుసు, ఆ పిల్లకి తెలియదు. నవల చదివేవాడికి ఏం జరగబోతోందో మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది, వాడు ఆ దిగులుతోనే చివరిదాకా చదువుతాడు. ఆ దిగులంతటినీ డి పాల్మా ఒక తాడుమీదికి తెచ్చేశాడు. ఇక చివర సమాధిలోంచి చెయ్యి బయటికి వచ్చే సీను ఉంది చూశారూ, అది నవలలో లేదు. దాని తర్వాత వచ్చిన ఎన్ని హారర్ సినిమాల్లో ఆఖరి నిమిషపు ఉలికిపాటు పెట్టారో లెక్కే లేదు. తల్లీకూతుళ్ళుగా చేసిన పైపర్ లారీకి, సిస్సీ స్పేసెక్‌కి ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. హారర్ సినిమాకి అది మామూలు విషయం కాదు.

సరే, ఇప్పుడు అసలు పంచాయితీకి వద్దాం. షైనింగ్. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నవల 1977లో వచ్చింది. జాక్ టోరెన్స్ అనే మాస్టారు, తాగుడు మానేసిన మనిషి. తాగిన మైకంలో ఒకసారి కొడుకు చెయ్యి విరిచాడు. ఒక విద్యార్థి మీద చెయ్యి చేసుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చలికాలమంతా మూసి ఉంచే కొండమీది హోటల్‌కి కాపలా ఉద్యోగం దొరికితే భార్యని, అయిదేళ్ళ కొడుకుని తీసుకుని వెళ్తాడు. ఇది ఆఖరి అవకాశం, ఈసారి బాగుపడాలి అనుకుంటాడు. నవల బలమంతా ఆ 'బాగుపడాలి'లోనే ఉంది. అతను చెడ్డవాడు కాదు. హోటల్ అతన్ని అంగుళం అంగుళంగా లాక్కుంటుంది. ఆ నవల రాసేటప్పుడు కింగ్‌కి కూడా తాగుడు అలవాటుంది, పిల్లలున్నారు. నా గురించే రాసుకుంటున్నానని అప్పట్లో నాకు తట్టనేలేదు అని తర్వాత ఆయనే చెప్పాడు.

నవల చివర్లో ఒక ఘట్టం ఉంది. చేతిలో పెద్ద సుత్తితో తండ్రి కొడుకుని వెంటాడుతూ దొరకబుచ్చుకుంటాడు. కుర్రాడు పారిపోడు. ముఖంలోకి చూస్తూ, నువ్వు మా నాన్నవి కాదు, నువ్వు హోటల్‌వి అంటాడు. అప్పుడు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ ముఖంలోకి తండ్రి తిరిగి వస్తాడు. పారిపో, నువ్వంటే నాకెంత ప్రేమో గుర్తుంచుకో అంటాడు. మరుక్షణం ఆ సుత్తి అతని ముఖాన్నే బాదడం మొదలుపెడుతుంది. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. తర్వాత హోటల్ బాయిలర్ పేలి అంతా తగలబడిపోతుంది.

1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన సినిమాలో ఈ ఘట్టం లేదు. అసలు ఆ తండ్రే లేడు. జాక్ నికల్సన్ మొదటి సీన్లో ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చి కూర్చుంటాడు. ఆ కనుబొమలు, ఆ నవ్వు చూడగానే ఏమనిపిస్తుంది మనకి? ఈయన్ని నమ్మి ఇల్లాలు ఎలా వెళ్తోందిరా బాబూ అనిపిస్తుంది. అవునా కాదా? కింగ్ కోపం కూడా అదే. పడిపోవడానికి ముందు నిలబడి ఉండాలి కదా, వీడు మొదట్నుంచీ పిచ్చివాడే కదా అని. భార్య పాత్రని అరవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా చేశారని కూడా అన్నాడు. ఆ సినిమా ఇంజన్ లేని అందమైన కాడిలాక్ కారు అన్న ఆయన మాట ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు.

మరి సినిమా ఎందుకు నిలబడింది? కింగ్ చెప్పిన ప్రతి అభియోగం నిజమే. అయినా 40 ఏళ్ళు దాటినా జనం దాన్ని ఫ్రేము ఫ్రేము విప్పి చూస్తూనే ఉన్నారు. ఎందుకు?

రెండు సీన్లు చెప్తాను. మొదటిది, కుర్రాడు మూడు చక్రాల సైకిలు మీద హోటల్ వరండాల్లో తిరిగేది. కెమెరా నేలకి దగ్గరగా, వాడి వెనకాలే వెళ్తుంటుంది. చెక్క నేలమీద చక్రాలు గరగరమంటాయి. తివాచీ వచ్చిందంటే చప్పుడు ఆగిపోతుంది. మళ్ళీ చెక్క, మళ్ళీ గరగర. మళ్ళీ తివాచీ, మళ్ళీ నిశ్శబ్దం. ఏమీ జరగదు! అయినా తర్వాతి మలుపులో ఏముందోనని మనకి టెన్షన్. ఆ కుర్రాడు ఏమనుకుంటున్నాడో ఒక్క ముక్క చెప్పకుండానే కుబ్రిక్ మనల్ని వాడి చెవుల్లో కూర్చోబెట్టాడు.

రెండోది, టైపు మిషన్ సీను. వారాల తరబడి భర్త రాస్తున్న నవల ఏమిటో చూద్దామని ఆవిడ కాగితం తీస్తుంది. ఒకే వాక్యం. కింద మళ్ళీ అదే వాక్యం. పేజీ తిప్పితే అదే, ఇంకో పేజీ తిప్పితే అదే. కొన్నిచోట్ల పద్యంలాగా అమర్చి, కొన్నిచోట్ల నాటకంలో సంభాషణల్లాగా పేర్చి, దొంతర మొత్తం ఆ ఒక్క వాక్యమే. ఇది నవలలో లేదు, కుబ్రిక్ పెట్టింది. కింగ్ వందల పేజీల్లో చూపించిన బుర్ర చెడడాన్ని ఈయన ఒక కాగితాల దొంతరలో చూపించాడు. చేత్తో పట్టుకోవచ్చు దాన్ని. నేను ఇందాకట్నుంచీ చెప్తున్నది ఇలాంటి దాని గురించే.

కాబట్టి కుబ్రిక్ తండ్రి ప్రేమ కథని వదిలేశాడు, హోటల్ భయాన్ని మాత్రం పట్టుకున్నాడు. అది అన్యాయమా? రచయితకి అన్యాయమే. ప్రేక్షకుడికి కాదు. నా అభిప్రాయం ఇది, ఒప్పుకోని వాళ్ళు తర్వాత నన్ను నిలదీయండి.

దీనికి ఇంకో సగం ఉంది, అది మరీ ముచ్చటైనది. కింగ్ ఊరుకోలేదు. 1997లో తనే స్క్రీన్‌ప్లే రాసి ఏబీసీ చానల్లో మూడు భాగాల మినీ సిరీస్‌గా తీయించాడు, మిక్ గారిస్ దర్శకత్వంలో. షూటింగ్ ఎక్కడ? కొలరాడోలోని స్టాన్లీ హోటల్లో. అంటే కింగ్ భార్యతో కలిసి వెళ్ళి 217వ నంబరు గదిలో బస చేసినప్పుడు ఆ నవల ఆలోచన పుట్టిన హోటల్ అదే. రచయిత ఆయనే, హోటల్ అదే, టైముకి కరువు లేదు, నవలలో ఉన్న ప్రతి ముఖ్యమైన సంగతీ ఉంది. బాయిలర్ పేలుతుంది. తండ్రి మంచివాడిగానే మొదలవుతాడు. అన్నీ ఉన్నాయి.

భయం లేదు.

అదే వంటావిడ, అదే పొయ్యి, అవే దినుసులు, ఉప్పు మాత్రం పడలేదు. ఎందుకంటే లోపలి మాటలన్నీ ఇక్కడ డైలాగులైపోయాయి. మనుషులు తమ బాధ కూర్చోబెట్టి వివరించి చెప్తుంటారు. నవలలో తోటలోని పొదల జంతువులు, సింహం ఆకారంలో కత్తిరించిన చెట్లూ అవీ, మనం చూడనప్పుడు కదులుతాయి. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే నిజంగా కదిలాయా, వీడి భ్రమా అన్నది తేలదు. టీవీలో అవి కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చక్కగా నడుచుకుంటూ వస్తాయి. ఇంకేం భయం? కుబ్రిక్ ఆ జంతువుల్ని తీసేసి చెట్ల చిక్కుదారి పెట్టాడు. అందులో ఏదీ కదలదు. మనిషే దారి తప్పుతాడు.

ఈ తగువుకి 2019లో రాజీ కుదిరింది. షైనింగ్ కుర్రాడు పెద్దవాడయ్యాక ఏమయ్యాడన్నది కింగ్ 2013లో డాక్టర్ స్లీప్ అనే నవలగా రాశాడు. దాన్ని మైక్ ఫ్లానగన్ సినిమా తీశాడు. ఫ్లానగన్ ఇబ్బంది ఊహించండి. కింగ్ నవలలో హోటల్ తగలబడిపోయింది. కుబ్రిక్ సినిమాలో నిలబడే ఉంది. ప్రేక్షకులకి గుర్తున్నది కుబ్రిక్ హోటల్. ఏం చెయ్యాలి? ఆయన కుబ్రిక్ హోటల్‌ని అచ్చంగా మళ్ళీ కట్టించి, దానికి కింగ్ ముగింపు పెట్టాడు. ఆ బాయిలర్‌తోనే ఇక్కడ హోటల్‌ని తగలబెట్టించాడు.

అంతకన్నా నాకు నచ్చింది బార్ సీను. ఇప్పుడు కొడుకు నడివయసువాడు, అతనూ తాగుడుకి బానిసై మానేసినవాడే. ఆ పాడుబడ్డ హోటల్ బార్లో కూర్చుంటాడు. కౌంటర్ అవతల నిలబడి గ్లాసు ముందుకి తోస్తున్నది ఎవరు? తండ్రి. తండ్రి ముఖంతో ఉన్న హోటల్ పనివాడు. కొడుకు అమ్మ ఎలా పోయిందో చెప్తుంటాడు. తండ్రి వినిపించుకోడు, తాగు తాగు అంటుంటాడు. ఆ గ్లాసు వాళ్ళిద్దరి మధ్య అలాగే ఉంటుంది. 1977 నాటి నవలలో ఉన్న తండ్రీకొడుకుల బాధంతా ఆ గ్లాసు దగ్గరికి వచ్చి చేరింది. కుబ్రిక్ సినిమాలో తనకి నచ్చనివన్నీ దీనితో సరిపోయాయని కింగ్ అన్నాడు. ఆయనంత పట్టుదల మనిషి ఆ మాట అనడం చిన్న సంగతా?

నీళ్ళు తాగుతాను ఒక్క నిమిషం. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, మైకులో గాలి కొడుతోంది.

టీవీ విషయానికి వస్తాను. అంత లావు నవలలు రెండు గంటల్లో ఎలా పడతాయి, టీవీలో అయితే తీరిగ్గా చెప్పొచ్చు కదా అనుకుంటాం. నిజమే, కింగ్‌కి టీవీ బాగా అచ్చొచ్చిన రోజులూ ఉన్నాయి. 1979లో టోబ్ హూపర్ సేలమ్స్ లాట్‌ని సీబీఎస్ చానల్ కోసం తీశాడు. ఊరంతా నెమ్మదిగా రక్తపిశాచులుగా మారిపోయే కథ. అందులో చచ్చిపోయిన పిల్లాడు రాత్రిపూట మేడమీది కిటికీ అవతల గాల్లో తేలుతూ వస్తాడు, చుట్టూ పొగమంచు. నవ్వుతూ గోళ్ళతో అద్దం గీకుతాడు. తలుపు తియ్యమని. లోపల వాడి అన్న. ఆ షాట్‌ని వెనక్కి నడిపించి తీశారు, అందుకే ఆ పొగ కదలికలో ఏదో తేడాగా ఉంటుంది, కానీ ఏమిటో చెప్పలేం. రక్తం చుక్క చూపించకుండా ఒక తరం అమెరికన్ పిల్లల్ని కిటికీ కర్టెన్లు వేసుకుని పడుకునేలా చేసిన సీను అది.

అయితే టీవీకి దాని తిప్పలు దానికున్నాయి. ప్రకటనలు. ప్రతి కొద్ది నిమిషాలకీ ఒక ఉలికిపాటు ఉండాలి, వెంటనే సబ్బు ప్రకటన. మన సీరియళ్ళలో అత్తగారి ముఖం మూడుసార్లు దగ్గరికి తెచ్చి ఆపుతారు చూడండి, ఆ అవసరమే అక్కడా ఉంది. కింగ్ భయం తీరిగ్గా పెరిగేది. దాన్ని ముక్కలు కోస్తే ఏమవుతుంది? 1990లో రెండు భాగాలుగా వచ్చిన ఇట్‌లో ఇది స్పష్టంగా కనపడుతుంది. జోకర్ రూపంలో పిల్లల్ని పట్టుకునే ఒక భూతాన్ని కొందరు చిన్నప్పుడు ఒకసారి, పెద్దయ్యాక మళ్ళీ ఎదుర్కునే కథ అది. పిల్లల కథ ఉన్న మొదటి భాగం బాగుంటుంది. పెద్దవాళ్ళ కథ ఉన్న రెండో భాగం నీరసంగా నడిచి, చివర ఒక పెద్ద సాలెపురుగు బొమ్మతో తుస్సుమంటుంది. నవలలో చిన్నతనం, పెద్దతనం జడలాగా అల్లుకుని నడుస్తాయి. విడదీసేసరికి రెండో దానిలో ప్రాణం పోయింది. 2017, 2019ల్లో ఆండీ ముషియెట్టి రెండు సినిమాలుగా తీసినప్పుడూ అదే చేశాడు, అదే ఫలితం. మొదటిది ప్రపంచమంతా ఆడి 70 కోట్ల డాలర్లు దాటింది. రెండోది మొదటిదాని పేరుతో నడిచింది. అందులో కింగ్ పాత సామాన్ల దుకాణదారుగా కనపడి, రచయిత పాత్రధారితో, నీ పుస్తకాల ముగింపులు బాగుండవయ్యా అంటాడు. తనమీద తనే వేసుకున్న జోకు.

ఇంతకీ 1990 సిరీస్‌ని జనం ఎందుకు గుర్తుపెట్టుకున్నారు? జోకర్‌గా వేసిన టిమ్ కర్రీ వల్ల. వానలో పసుపు రెయిన్‌కోటు వేసుకున్న చిన్న పిల్లాడు కాగితం పడవ వెంట పరిగెత్తుతాడు. అది కాలువలో పడిపోతుంది. వంగి చూస్తే లోపల ఒక జోకర్. 2017 సినిమాలో ఆ జోకర్ చూడగానే భూతం. కుర్రాడి చెయ్యి కొరికేయడం కూడా చూపిస్తారు. టిమ్ కర్రీ అలా కాదు. సర్కస్ వాడిలాగా, మేనమామలాగా హుషారుగా కబుర్లు చెప్తాడు. పిల్లాడు నవ్వుతాడు. నేనైతే ఆ హుషారుకే ఎక్కువ భయపడతాను. మీ సంగతి మీరు చెప్పాలి.

అన్నట్టు, దీనికి మన దేశంలో ఒక వెర్షన్ ఉందని మీలో ఎందరికి తెలుసు? 1998లో జీ టీవీలో 'వో' అని హిందీ సీరియల్ వచ్చింది. జోకర్‌గా లిల్లీపుట్ అనే నటుడు, పెద్దవాళ్ళ గుంపులో ఆశుతోష్ గోవారికర్. అవును, తర్వాత లగాన్ తీసిన ఆయనే. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో అది చూసి జడుసుకున్నవాళ్ళు ఈ హాల్లో ఉండే ఉంటారు.

పరాజయాల గురించి ఎక్కువ చెప్పను. డార్క్ టవర్ అని కింగ్ దశాబ్దాల పాటు రాసిన నవలల వరస ఉంది. దాన్ని 2017లో గంటన్నర సినిమాలో కుక్కారు, అంతే సంగతులు. లాన్‌మోవర్ మ్యాన్ అనే సినిమాకి తన కథతో సంబంధమే లేదని కింగ్ కోర్టుకెళ్ళి తన పేరు తీయించుకున్నాడు. మరి ఆయనే తీస్తే? తీశాడు. 1986లో మాక్సిమమ్ ఓవర్‌డ్రైవ్. లారీలు వాటంతట అవే తిరగబడే కథ. చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల్లో ఆయనకి చెత్త దర్శకుడిగా నామినేషన్ వచ్చింది. తాను అప్పుడు మత్తుమందుల్లో మునిగి ఉన్నానని ఆయనే చెప్పాడు. మళ్ళీ దర్శకత్వం జోలికి పోలేదు.

ఇక షాషాంక్ తీసిన దర్శకుడు ఫ్రాంక్ డారబాంట్. ఈయన గురించి చెప్పకపోతే ఇవాళ్టి మాటకి అర్థం లేదు. కింగ్ చాలా ఏళ్ళు ఒక మంచి పని చేశాడు. సినిమా నేర్చుకునే కుర్రాళ్ళెవరైనా అడిగితే తన చిన్న కథల్లో ఒకటి, ఒక్క డాలరుకి షార్ట్ ఫిల్మ్ తీసుకోమని ఇచ్చేవాడు. డబ్బుకి అమ్ముకోకూడదు, తీశాక ఆయనకొక కాపీ పంపాలి, అంతే. అలా ఒక కథ తీసి పంపిన కుర్రాడు డారబాంట్. ఆ పని కింగ్‌కి నచ్చింది. తర్వాత అతనే షాషాంక్ హక్కులు అడిగాడు. 5,000 డాలర్ల చెక్కు ఇచ్చాడు. కింగ్ ఆ చెక్కు మార్చుకోలేదు. సినిమా వచ్చిన కొన్నేళ్ళకి దాన్ని ఫ్రేము కట్టించి, ఎప్పుడైనా జైలు బెయిలుకి డబ్బు కావాల్సొస్తే వాడుకో అని చీటీ పెట్టి తిరిగి పంపాడు.

షాషాంక్‌లో లోపలి మాట సమస్య లేదు, ఎందుకంటే కథ చెప్పేది రెడ్ అనే ఖైదీ. ఆ గొంతునే మోర్గన్ ఫ్రీమన్ గొంతుగా తెచ్చేశాడు. అయినా డారబాంట్ చేర్పులు చూడండి. జైలు మైకులో మొజార్ట్ పాట వినిపించడం కథలో లేదు. ముసలి ఖైదీ బ్రూక్స్ విడుదలై, బయటి ప్రపంచంలో బతకలేక ఉరేసుకోవడం కథలో లేదు. కథలో అతను వృద్ధాశ్రమంలో పోయాడని చెప్పి వదిలేస్తాడు. కథలో రెడ్ స్నేహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరడంతో ఆగుతుంది. సినిమాలో సముద్రపు ఒడ్డున కలుసుకోవడం కూడా చూస్తాం. ఇన్ని మార్చాక కూడా అది కింగ్ కథలాగే ఉంటుంది. 7 ఆస్కార్ నామినేషన్లు, ఒక్క అవార్డూ రాలేదు. థియేటర్లో ఖర్చయిన డబ్బు కూడా మొదటి విడతలో రాలేదు. దాన్ని బతికించింది వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత పదేపదే వేసిన టీవీ చానళ్ళు.

అదే డారబాంట్ 2007లో ద మిస్ట్ తీశాడు. ఊరిని పొగమంచు కమ్మేస్తుంది, అందులో ఏవో జంతువులు. జనం సూపర్‌మార్కెట్లో ఇరుక్కుంటారు. చూడనివాళ్ళు చెవులు మూసుకోండి, ముగింపు చెప్పేస్తున్నాను. కింగ్ కథలో కొందరు కారెక్కి మంచులోకి వెళ్ళిపోతారు, ఏమవుతారో తెలియదు, చిన్న ఆశ మిగులుతుంది. సినిమాలో పెట్రోలు అయిపోతుంది. కారులో అయిదుగురు. తుపాకీలో నాలుగు గుళ్ళు. ఆ జంతువుల నోట పడేకన్నా ఇదే నయమని, తండ్రి తన కొడుకుతో సహా నలుగుర్నీ కాల్చేస్తాడు. తను చావడానికి గుండు మిగల్లేదు. బయటికి దిగి, రండి, నన్ను తినండి అని అరుస్తాడు. మంచులోంచి వచ్చేది జంతువు కాదు, సైన్యం ట్యాంకు. మంచు విడిపోతోంది. వెనక లారీలో, మొదట్లో పిల్లల కోసం ఒంటరిగా వెళ్తాను, ఎవరైనా తోడు రండి అని అడిగిన ఆడమనిషి, పిల్లలతో క్షేమంగా నిలబడి ఇతన్ని చూస్తుంటుంది. అప్పుడు ఎవరూ తోడు వెళ్ళలేదు. ఇతనూ వెళ్ళలేదు.

ఈ ముగింపు మారిస్తే ఎక్కువ బడ్జెట్ ఇస్తామన్నా డారబాంట్ ఒప్పుకోలేదు. తక్కువ డబ్బుతోనే తీసుకున్నాడు. కింగ్ ఏమన్నాడు? ఈ ముగింపు నాకు తట్టి ఉంటే బాగుండేది అన్నాడు! షైనింగ్ మార్చినందుకు ఏళ్ళ తరబడి మండిపడిన మనిషే ఈ మాట అన్నాడు. మార్చడం ఆయనకి సమస్య కాదని ఇక్కడ తేలిపోతుంది. తండ్రి కొడుకుని ప్రేమిస్తున్నాడా లేదా, ఆయన చూసేది అది. మిస్ట్‌లో తండ్రి ప్రేమతోనే చంపాడు. కుబ్రిక్ జాక్‌కి ఆ ప్రేమ లేదు.

టైము అయిపోవచ్చింది, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క సినిమా చెప్పి ఆపేస్తాను. మిజరీ, 1990. కారు ప్రమాదంలో కాళ్ళు విరిగిన రచయిత, అతన్ని ఇంట్లో పెట్టుకుని కాపాడుతూ బంధించే వీరాభిమాని. నవల మొత్తం మంచంమీది మనిషి బుర్రలో నడుస్తుంది. ఎలా తీస్తారు? దర్శకుడు రాబ్ రైనర్ ఒక చిన్న పింగాణీ పెంగ్విన్ బొమ్మని వాడుకున్నాడు. ఆవిడ ఊరికెళ్ళినప్పుడు రచయిత చక్రాల కుర్చీలో గదిలోంచి బయటికొస్తాడు, చెయ్యి తగిలి బొమ్మ పడబోతే పట్టుకుని తిరిగి పెడతాడు. ముఖం ఇంకోవైపు తిరిగి ఉంటుంది. మనకి గుండె ఆగినంత పని. ఆ బొమ్మ ఎప్పుడూ దక్షిణం వైపే చూస్తుందని ఆవిడ తర్వాత చల్లగా చెప్తుంది. నవలలో ఆవిడ గొడ్డలితో పాదం నరుకుతుంది. సినిమాలో సుత్తితో చీలమండలు విరుస్తుంది. నరకడమే ఉండాలని పట్టుబట్టిన స్క్రీన్‌ప్లే రచయిత విలియం గోల్డ్‌మన్, సినిమా చూశాక రైనర్ చేసిందే సరైనదని ఒప్పుకున్నాడు. నరికి ఉంటే జనం ఆవిడ్ని పూర్తిగా అసహ్యించుకునేవారు. క్యాతీ బేట్స్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

దీన్నే 2003లో బాలు మహేంద్ర తమిళంలో జూలీ గణపతిగా తీశాడు. ఆ అభిమాని పాత్ర ఎవరు వేశారో తెలుసా? సరిత. మన మరోచరిత్ర సరిత! రచయితగా జయరామ్, అతని భార్యగా రమ్యకృష్ణ, సంగీతం ఇళయరాజా. ఇక్కడ రచయిత నవలలు కాదు, టీవీ సీరియల్ రాస్తాడు. ఎంత తెలివైన మార్పో చూడండి. మన వైపు ఒక పాత్ర చచ్చిపోతే అన్నం మానేసేంత అభిమానం సీరియళ్ళకే కదా ఉంది. ఒకప్పుడు వారపత్రికలో తులసిదళం కోసం వారం వారం కాచుక్కూర్చున్న వాళ్ళకి ఆ పిచ్చి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సరిత అరవదు. బుజ్జగిస్తుంది. అన్నం కలిపి పెట్టే మనిషిని చూసి భయపడాలంటే ఎంత నటన కావాలి!

వచ్చే నెల మొదటి శనివారం మిజరీ, రెండో శనివారం జూలీ గణపతి ఇక్కడే వేస్తున్నాం. రెండూ వరసగా చూడండి, ఏది ముందు చూసినా పర్వాలేదు. ఇక ప్రశ్నలు. మూడో వరసలో ఆ అమ్మాయి షైనింగ్ దగ్గర్నుంచీ చెయ్యెత్తే ఉంచింది. నన్ను నిలదీస్తావని అర్థమైంది, అడుగమ్మా.